తెలుగు పండితుడును యంత్రాక్షరమును

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ప్రసంగపాఠము)



గంటము పట్టిన చేయి కలము పట్టుటకు కొంతకాలము పట్టినది. కలము పట్టిన చేయి మీటలపై నాడుటకును కొంతకాలము పట్టును. తాటాకులపై కావ్యములు వ్రాసిన కవులు అచ్చుకూట మెరుగరు. 1854లో చెన్నపట్టణమున వావిళ్ళవారి ముద్రాక్షరశాల వెలసెను. అట్టి శాలలు పెరిగిన కొలది పండితులు అచ్చుప్రతులు దిద్దుట యను క్రొత్తపని నేర్చుకొనవలసి వచ్చెను. అచ్చు వచ్చినందున పద్యము చెడలేదు. దిద్దువాడు లేనిచోటనే చెడినది. నేడు తరగతిగదిలో ప్రవేశించిన యంత్రముల విషయమునను సత్యమిదియే.

మేడ్చల్, శామీర్‌పేట సీమ విచిత్రమైన కూడలి. ఒకవంక చెరువు, పొలములు. వేరొకవంక బిట్స్ పిలానీ ప్రాంగణము, నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము, తుర్కపల్లి చెంత జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు. ఇట్టిచోట బడికి కంప్యూటరు వచ్చినదన్న, అది ఆంగ్లమునకును గణితమునకును సంబంధించిన సొత్తని పెక్కుమంది తలంపు. తెలుగు పండితునకు సుద్దముక్క చాలునని వారి తీర్పు. ఆ తీర్పు పొరపాటని నిరూపించుటయే ఈ ప్రసంగమున కుద్దేశము.

తెరమీద పాఠము ఈ దేశమునకు నిన్నమొన్నటి వింత కాదు. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు ఉపగ్రహముద్వారా గ్రామములకు టీవీ పాఠము లందించిన సైట్ ప్రయోగమున ఆంధ్రప్రదేశ్‌తో గూడ ఆరు రాష్ట్రములు పాల్గొనెను. అయితే నాడు పాఠము చెప్పినది తెర. గ్రామోపాధ్యాయుడు పక్కన నిలిచినవాడు. పండితుడే యంత్రమును చేతబట్టవలసిన దినము కరోనా కాలమున వచ్చెను. బడులు మూతబడియుండగా 2020 సెప్టెంబరు 1న తెలంగాణములో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠములు మొదలాయెను. తొమ్మిది, పది తరగతుల పిల్లలు తిరిగి బడిగడప త్రొక్కినది 2021 ఫిబ్రవరి 1న. ఈ నడుమనే పండితుడు నిజముగా శిష్యుడాయెను.

టీవీ పాఠము అందరికి నొక్కటే వేగముతో సాగును. అర్థముగాని పిల్లవాని ముఖము తెరకు కనబడదు. ఆ లోటు తీర్చుటకు పండితుడు సెల్‌ఫోను నాశ్రయించెను. పిల్లలు నోటుపుస్తకపు పుటకు ఛాయాచిత్రము తీసి వాట్సాప్‌లో పంపుదురు. అతడు తప్పులకు గీతలు గీసి తిప్పి పంపును. పద్యమును కంఠస్వరముతో పంపుమనిన, తరగతిలో నోరు విప్పని బాలిక యింటిమూల కూర్చుండి నిర్భయముగా చదివి పంపును. అల్పప్రాణ మహాప్రాణముల భేదము, శకార షకారముల తేడా పదిమార్లు వినుటకు వీలు కలిగెను. నలువదిమంది నడుమ ఒక్కొక్కరి ఉచ్చారణ వినుటకు గంట చాలనివానికి ఇది సామాన్యలాభము కాదు. కాని ఇంట ఫోను లేని పిల్లవాడు ఈ జమలో ఎక్కడను కనబడడు. అట్టివాని యింటికి నడచిపోవుట ఏ యంత్రమును తప్పింపలేని పని.

తరువాతిది అక్షరము. తెలుగునకు 1991 నుండి యూనికోడ్‌లో 128 స్థానములు గల పట్టిక యున్నది. దంత్య చకార జకారములు 2008లో అందు చేరినవి. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి నుండును. ఈ పద్ధతిలో వ్రాయబూనిన పండితునకు చిన్నయసూరి బాలవ్యాకరణము క్రొత్తగా బోధపడును. "స్త్రీ" అను అక్షరమును చేతితో వ్రాయునపుడు సకారమునకు గుడిదీర్ఘమిచ్చి, ఆవల వత్తులు చేర్చుదుము. యంత్రమట్లంగీకరింపదు. సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, కడపట ఈకారము: నోటిలో పలికిన వరుసనే ఆరు మీటలు నొక్కవలెను. కన్ను చూచిన క్రమము గాక చెవి విన్న క్రమమే అచట ప్రమాణము. వర్ణక్రమమును బోధించుటకు ఇంతకుమించిన పలక దొరకదు.

ఇంకొక యుదాహరణము ఊరి పేరునందే యున్నది. "శామీర్‌పేట" అని వ్రాయ దలచినవాడు రేఫమునకు పొల్లుపెట్టి పకారము నొక్కినచో తెరపై "శామీర్పేట" అని వత్తు పడును. రెంటికి నడుమ కంటికి కనబడని విభాజక మొకటి చేర్చవలెను. రెండు రూపములు చదువరి కొక్కటే, యంత్రమునకు వేర్వేరు. ఒకదానిని వెదకిన రెండవది దొరకక పోవచ్చును.

ఇది ముచ్చటకు చెప్పిన మాట కాదు. 2020 అక్టోబరు 29న ధరణి భూమిపత్రముల వ్యవస్థ ప్రారంభమైనది ఈ జిల్లాలోని మూడుచింతలపల్లిలోనే. 2025లో దాని స్థానమున భూభారతి వచ్చెను. పేరు మారినను పద్దు యంత్రమునందే నిలిచినది. కాగితపు పహాణీలో అక్షరము తప్పినచో గ్రామమెరిగిన లెక్కరి పోల్చుకొనును. యంత్రమునకు గ్రామము తెలియదు. పట్టాదారు పేరున ఒక్క దీర్ఘము జారిన, ఆ మనిషి తాను తానేనని రుజువు చేసికొనవలసి వచ్చును. కావున తెలుగక్షరమును యంత్రమున శుద్ధముగా వ్రాయుట రైతుబిడ్డకు ఆస్తివంటి విద్య. ఆ విద్య నేర్పవలసినవాడు తెలుగు పండితుడే.

నేటి బాలురు ఫోనులో తెలుగును రోమను లిపిలో వ్రాయుచున్నారు. ఆ లిపిలో "కల"యు "కళ"యు నొక్కటే. తకార టకారములకు భేదము లేదు. హ్రస్వదీర్ఘములు ఊహకు విడిచినవి. దీనికై పిల్లలను గద్దించిన ఫలము లేదు. వారి ఫోనులోనే తెలుగు మీటలు తెరచి చూపగల పండితుని మాట వారు విందురు.

ఛందస్సునందును యంత్రము సహాయకారి. "ఛందం" వంటి ఉపకరణము పద్యపాదమునకు గురులఘువులు గుర్తించి గణములు విడదీయును. అయితే బాలుడు ముందుగా తన చేతితో ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ గణములు గుర్తించి, పదవ యక్షరమున యతి చూచుకొనవలెను. పిదపనే యంత్రముతో సరిచూచుకొనవలెను. ముందు కూడిక, తరువాత తాళా. ఈ క్రమము తలక్రిందులైనచో విద్య సున్న. ఆంధ్రభారతిలో శబ్దరత్నాకరము, సూర్యరాయాంధ్ర నిఘంటువు క్షణములో తెరుచుకొనును. అర్థములలో ప్రకరణమునకు తగినదానిని ఏరుకొనుట మాత్రము గురుముఖముననే రావలెను. ఇటీవల అడిగినంతనే వ్యాసములు వ్రాయు యంత్రములును వచ్చినవి. అవి లేని పద్యమును ఉన్న కవికి ధైర్యముగా అంటగట్టగలవు. మూలగ్రంథము విప్పి చూచు అలవాటులేని బాలునకు అవి గ్రుడ్డివాని చేతి దివిటీలు.

ఇచటనే గ్రంథాలయము పాత్ర వచ్చును. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901 సెప్టెంబరు 1న నెలకొనెను. నాటి కార్యకర్తలు పుస్తకమును పాఠకుని చెంతకు చేర్చిరి. నేటివారు పుస్తకమును యంత్రమునకు చేర్చి, యంత్రమునుండి తిరిగి పాఠకునకు చేర్చవలెను. తెలుగు వికీసోర్సున పాతపుస్తకపు పుట ఒకప్రక్కను, దాని యక్షరపాఠము వేరొకప్రక్కను నిలుచును. ఒకరు దిద్దిన పుట పసుపుపచ్చ యగును. ఇంకొకరు సరిచూచిన పిదపనే ఆకుపచ్చ యగును. దిద్దినవాడే తన పుటను తానే ఆమోదింపరాదు. లెక్క వ్రాసినవాడొకడు, తనిఖీ చేయువాడొకడు అను పాతనీతి ఇదియే.

బడిపిల్లలు వారమున కొకమారు పండితునితో గ్రంథాలయమునకు వచ్చి, తలకొక పుట దిద్దుదురు గాక. భాష నేర్తురు, యంత్రము నేర్తురు, నశింపనున్న గ్రంథ మొకటి నిలుచును. ఒక పని, మూడు జమలు. ఖర్చు ఒక గంట. పెద్దలు ఈ లెక్కను విచారించి, వచ్చు విద్యాసంవత్సరమున గ్రంథాలయమున ఒక కంప్యూటరును, దానిముందు రెండు కుర్చీలను వేయింతురు గాక. ఒకటి బాలునకు, రెండవది పండితునకు.

స్వస్తి.