తాగిన చేతికి బండి తాళం ఇవ్వద్దు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో సామాజిక కార్యాచరణ కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



ఇంతవరకు పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వాయిదాల గురించి విన్నాం. నేను చెప్పేది కూడా ఒక రకంగా అప్పు సంగతే. సంఘంలో అప్పు తీసుకుని బండి కొన్న ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. పాలు పోసి రావడానికి, కూరగాయలు సంతకు చేర్చడానికి, పిల్లల్ని కాలేజీకి దించడానికి బండి కావాలి. ఆటో మీదే బతికే కుటుంబాలూ ఉన్నాయి. బండి కొనడం తప్పు కాదు. తాగిన మనిషి చేతికి దాని తాళం పోవడమే మన కొంప ముంచేది.

ముందు ఒక మాట తేల్చుకుందాం. తాగుడు మాన్పించడం వేరు, తాగి బండి నడపకుండా ఆపడం వేరు. మొదటిది ఏళ్ల తరబడి పోరాటం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బులో రోజుకో రూపాయి దాచుకుందామని ఆ జిల్లా ఆడవాళ్లు పొదుపు మొదలుపెట్టారు. మన సంఘాల వేర్లలో ఒకటి అక్కడే ఉంది. అయినా 30 ఏళ్లు దాటాక కూడా తాగుడు మన ఇళ్లను వదల్లేదు. రెండోది అట్లా కాదు. తాళం దాచిపెట్టడం ఈ రోజు రాత్రికే చేయగలిగిన పని.

"పోతే నా ప్రాణమే కదా, మీకేం?" అంటారు తాగినవాళ్లు. ఆ మాట అబద్ధం. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ఏం జరిగిందో మీరంతా టీవీల్లో చూశారు. ఒక మోటారుసైకిలు డివైడర్‌ను ఢీకొట్టి పడింది. నడిపిన యువకుడు అక్కడే చనిపోయాడు. రోడ్డు మీద పడివున్న ఆ బండి మీదికి హైదరాబాదు నుంచి బెంగళూరు పోతున్న బస్సు వచ్చింది. బండిని ఈడ్చుకుంటూ పోయింది, మంటలు లేచాయి. నిద్రలో ఉన్న 19 మంది కాలిపోయారు. బండి నడిపిన యువకుడు మద్యం తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలినట్టు పోలీసులు చెప్పారు. బస్సు వైపు తప్పులు వేరే లెక్క, వాటికీ జవాబు కావాల్సిందే. కానీ ఆ రాత్రి ఆ ఒక్క బండి రోడ్డెక్కకపోతే? ఆ తల్లి కొడుకూ మిగిలేవాడు, ఆ 19 ఇళ్లలో దీపాలూ వెలిగేవి.

తాగితే ఒంట్లో ఏమవుతుందో వినండి. మందు కాసేపట్లోనే రక్తంలో కలిసి మెదడుకు చేరుతుంది. ముందు భయం పోతుంది, ఆ తర్వాత దూరం, వేగం అంచనా తప్పుతుంది. "నాకేం ఎక్కలేదు" అని అనిపించడం కూడా మత్తే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో యాభై అడుగులు దాటిపోతుంది. గేదె అడ్డం వచ్చినప్పుడు బ్రేకు వేయాలని తోచడం ఒక్క సెకను ఆలస్యమైతే చాలు, బండి దాని మీదికి పోయి ఉంటుంది.

మజ్జిగ తాగిస్తే, నిమ్మరసం ఇస్తే, తల మీద నీళ్లు పోస్తే దిగిపోతుందని మనం అనుకుంటాం. దిగదు. రక్తంలో ఉన్న మందును కాలేయం తన తీరులో మెల్లగా కరిగించాల్సిందే, దానికి గంటలు పడుతుంది. రాత్రి పొద్దుపోయేదాకా బాగా తాగినవాడికి తెల్లారి కూడా మత్తు మిగిలే ఉంటుంది. పొద్దున్నే పాల బండి తీసేవాళ్ల ఇళ్లలో ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇక చట్టం. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే నేరం. మొదటిసారి దొరికితే 6 నెలల వరకు జైలు, లేదా 10 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే 2 ఏళ్ల వరకు జైలు, లేదా 15 వేల జరిమానా, లేదా రెండూ. లైసెన్సు కూడా పోవచ్చు. ఆ 10 వేలు ఎక్కడి నుంచి తెస్తాం? వాయిదాకు దాచిన డబ్బులోంచే కదా.

బీమా ఉంది కదా అనుకోవద్దు. బండి యజమాని తాగి నడిపి చనిపోతే, పాలసీలో ఉండే 15 లక్షల ప్రమాద బీమా ఆ కుటుంబానికి రాదు. బండి మరమ్మతు డబ్బూ రాదు. ఎదుటివాళ్లకు దెబ్బ తగిలితే కంపెనీ పరిహారం కట్టినా, దాన్ని బండి యజమాని దగ్గర తిరిగి రాబట్టుకునే అవకాశం ఉంది. చాలా బండ్లు మన పేర్ల మీదే ఉన్నాయి, అక్కా. తాగింది ఆయన, నోటీసు వచ్చేది మనకు. మనిషి పోయినా వాయిదా ఆగదు.

మన ప్రయాణాల సంగతి కూడా చూసుకోవాలి. మిరప కోతలకు, నాట్లకు ఒక్కో ఆటోలో పది, పదిహేను మందిమి కూర్చుని పోతున్నాం. సాయంత్రం తిరుగు ప్రయాణానికి డ్రైవరు తాగి వస్తే, "ఆలస్యమవుతుంది, ఎట్లో పోదాం" అని ఎక్కేస్తున్నాం. ఒక్కరు దిగితే ఆటో ఆగదు. అందరం దిగితే ఆగుతుంది.

ప్రతి గ్రామ సంఘం వచ్చే సమావేశంలో ఈ నాలుగు తీర్మానాలు మినిట్స్ పుస్తకంలో రాయాలని కోరుతున్నాను.

ఒకటి, బండి అప్పు ఇచ్చేటప్పుడే లైసెన్సు, బీమా, హెల్మెట్ చూడాలి. తాగి నడపకూడదని ఇంట్లో అందరి ముందు మాట తీసుకోవాలి.

రెండు, పెళ్లి, జాతర, పండగ ఏదైనా సరే, మందు పోసే చోటికి పోయేటప్పుడు తాళం ముందే తాగనివాళ్ల చేతిలో పెట్టాలి. లేదంటే తిరిగి రావడానికి ఆటో మాట్లాడుకోవాలి.

మూడు, కూలి ఆటో డ్రైవరు తాగి ఉంటే ఎవ్వరూ ఎక్కకూడదు. ఆ రోజు వేరే బండి ఖర్చు అందరూ పంచుకోవాలి.

నాలుగు, ప్రమాదం చూస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి. సాయం చేసినవాళ్లను కేసుల్లో ఇరికించకుండా చట్టమే రక్షణ ఇస్తోంది, భయపడొద్దు.

ఒక హెచ్చరిక. అప్పటికే తాగి ఉన్న మనిషితో తాళం కోసం పెనుగులాడొద్దు. దెబ్బలు తినే పని ఏ చెల్లీ చేయొద్దు. ఇరుగుపొరుగును, సంఘం వాళ్లను పిలవండి. చెయ్యి చేసుకుంటే 112కి గానీ 181కి గానీ ఫోన్ చేయండి. ఆయన తాగి పడిపోతే "భార్య చూసుకోలేదు" అనే నిందను సంఘంలో ఎవరూ నోటితో అనొద్దు. ఆపడం ఒక్క ఆడదాని బరువు కాదు, అందుకే దీన్ని సంఘం తీర్మానంగా రాయమంటున్నాను.

వచ్చే ఏడాది నివేదికలో ఎన్ని కోట్లు అప్పు ఇచ్చామో రాస్తాం. ఎన్ని గ్రామ సంఘాలు ఈ తీర్మానం చేసి నిలబెట్టుకున్నాయో కూడా దాని పక్కనే రాసుకుందాం.