వాల్వు మరమ్మతు, ప్రెషరు పరీక్ష: మాకు ఎదురైన చిక్కులు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"గల్ఫులో మీరు చేసిన పని గురించి నాలుగు మాటలు చెప్పండి" అని కార్యవర్గం వారు అడిగినప్పుడు మాకు కొంచెం నవ్వొచ్చింది. ఇన్నేండ్లలో మా ఇండ్లల్లో కూడా ఆ పని ఏమిటో ఎవరూ అడగలేదు. "కంపెనీల పని" అంటే అయిపోయేది. ఇక్కడ "మేము" అంటున్నది గొప్పకు కాదు. వాల్వు పని ఒక్క మనిషితో అయ్యేది కాదు. ఒకడు పంపు కొట్టాలె, ఒకడు గేజి చూడాలె, ఒకడు కాగితం మీద రాయాలె. అందుకని ఈ మాటలు ఆ ముగ్గురివీ అనుకోండి.

వాల్వు చూడనివారు ఈ సభలో ఎవరూ లేరు. గ్యాసు సిలిండరు తల మీద ఉన్నది వాల్వే. కుక్కరు మూత మీది సీటీ కింద ఉన్నదీ వాల్వే. సిరిసిల్లలో సాంచాలకు పోయే నూలుకు గంజి పెట్టే సైజింగు కార్ఖానాలలో ఆవిరి బాయిలర్లుంటాయి, వాటి మీద సేఫ్టీ వాల్వులుంటాయి. రామగుండంలో ఎన్టీపీసీ మొదటి 200 మెగావాట్ల యూనిట్ 1983లో మొదలైంది. అంతటి స్టేషనులో ఆవిరి, నీళ్లు, నూనె, ఏది కదలాలన్నా, ఏది ఆగాలన్నా వాల్వే గతి. మన మండలంలోనే మూడు టీఎంసీల మల్కపేట జలాశయం కట్టి, 2023లో పంపులు తిప్పి చూశారు. అంత నీటిని ఎత్తిపోసే పంపు ఆగినప్పుడు పైకి పోయిన నీళ్లు వెనక్కి తన్నకుండా ఆపాల్సింది కూడా ఇటువంటి సాధనమే.

కోనరావుపేట, కోరుట్ల, జగిత్యాల వైపు నుంచి పోయిన మన పిల్లల్లో కొందరు రిఫైనరీలలో "షట్‌డౌన్" పనికి పోతారు. ప్లాంటును కొన్ని వారాలు ఆపి, వందల వాల్వులను ఊడదీసి, కడిగి, బాగుచేసి, పరీక్షించి మళ్లీ ఎక్కించడమే ఆ పని. ప్లాంటు ఆగిన ప్రతి రోజూ యజమానికి నష్టమే. కనుక తొందర ఉంటుంది. మా చిక్కులు సగానికి సగం ఈ తొందరలో పుట్టినవే.

మొదటి గండం వాల్వు విప్పేటప్పుడే వస్తుంది. లైనులో ఒత్తిడి లేదని కాగితం చెప్పినా, గేటు వాల్వు కడుపులో, అంటే రెండు సీట్ల మధ్య ఖాళీలో, పాత ఒత్తిడి, పాత ఆసిడు అట్లనే చిక్కుకొని ఉండవచ్చు. మా ఉస్తాద్ ఒక అలవాటు నేర్పాడు. బోనెట్టు నట్లు ఏవీ పూర్తిగా తీయొద్దు. నీకు అవతలి వైపు నట్లను ముందు వదులు చెయ్యి. వచ్చేది ఏదైనా నీ ముఖం మీదికి కాకుండా అటు పోతుంది. బుస్సుమనే చప్పుడు ఆగినాకనే మిగతావి ముట్టు. ఏ పుస్తకంలో ఉన్నదో మాకు తెలియదు గాని, ఈ మాట వల్ల మా కండ్లు మిగిలినవి.

వాల్వు "పాస్" అవుతున్నదంటే మూసినా కారుతున్నదని అర్థం. (పరీక్షలో పాస్ కావడం మంచిది, వాల్వు పాస్ కావడం చెడ్డది. కొత్త పిల్లలు మొదటి వారం దీని దగ్గరే తికమక పడతారు.) సీటు మీద గీత పడితే పేస్టు రాసి చేత్తో రుద్ది నున్న చేస్తాము. దీన్నే ల్యాపింగు అంటాము. తర్వాత గేటు ముఖానికి నీలిరంగు పలుచగా పూసి సీటుకు ఆనించి తీస్తే, గుండ్రంగా ఎక్కడా తెగకుండా అచ్చు పడాలె. ఒక్క చోట తెగినా అక్కడి నుంచే కారుతుంది. చిక్కేమిటంటే, అచ్చు రావడం లేదని రుద్దుతూ పోతే గేటు అరిగి సన్నబడుతుంది. సన్నబడిన గేటు సీట్ల మధ్య ఉండాల్సినదాని కన్న కిందికి దిగుతుంది. అచ్చు చక్కగా వస్తుంది, వాల్వు మాత్రం పనికిరాకుండా పోతుంది. ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలె. అది నేర్చుకోవడానికి మాకు రెండేండ్లు పట్టింది.

ఇక పరీక్ష. వాల్వు తట్టుకోగల ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి ఒళ్లంతా చూస్తారు. ఇది బాడీ పరీక్ష. తర్వాత మూసి, 1.1 రెట్లు ఎక్కించి సీటు చూస్తారు. 150 క్లాసు ఉక్కు వాల్వు మామూలు వేడిమిలో 19.6 బార్ల దాకా తట్టుకుంటుంది. దానికి బాడీ పరీక్ష 30 బార్లకు కొద్దిగా అటూఇటూ, సీటు పరీక్ష 22 బార్ల దగ్గర. ఆరు అంగుళాల వాల్వును ఆ ఒత్తిడిలో కనీసం ఒక నిమిషం నిలపాలె. బాడీ నుంచి ఒక్క చుక్క రాకూడదు. లోహపు సీటైతే ఆ సైజుకు నిమిషానికి 12 చుక్కల దాకా క్షమిస్తారు. వినడానికి ఇంతే.

కాని ఆరు అంగుళాల వాల్వు నోటికి పలక మూసి 30 బార్లు ఎక్కిస్తే, ఆ పలక మీద పడే తోపు ఐదున్నర టన్నుల పైన. వడ్లు నింపిన ట్రాక్టరు ట్రాలీ ఆ పలకను లోపలి నుంచి నెడుతున్నదనుకోండి. ఎనిమిది బోల్టులు పెట్టాల్సిన చోట నాలుగే పెట్టి "ఒక్క నిమిషమే కదా" అనేవారిని మేము చూశాము. పలకకు ఎదురుగా నిలబడేవారినీ చూశాము. పక్కకు నిలబడాలె.

లోపల గాలి మిగలకూడదు. నీరు నొక్కితే నొక్కుకోదు. 100 బార్లు పెట్టినా నూటికి అర పాలు కూడా తగ్గదు. అందుకని ఏదైనా పగిలినా ఒత్తిడి టక్కున పడిపోతుంది. గాలి అట్లా కాదు. సైకిలు ట్యూబులో లాగా నొక్కుకొని కూర్చుంటుంది, పగిలితే తుపాకీ అవుతుంది. కాబట్టి పైనుంచి నీళ్లు పొర్లేదాకా నింపి, బుడగలు ఆగినాకనే పంపు కొట్టాలె.

గల్ఫు ఎండ ఇంకో మాయ చేసేది. పొద్దున చల్లటి నీళ్లు నింపి మూసిన వాల్వు మీద ఎండ పడితే, ఒక్క డిగ్రీ వేడెక్కినా లోపల ఒత్తిడి కొన్ని బార్లు పెరుగుతుంది. సన్నగా కారుతున్నా గేజి ముల్లు దిగదు. చూసేవాడు బాగున్నదనుకుంటాడు. ఒకచోట మాకిచ్చిన గేజి 400 బార్ల వరకు ఉండేది. 22 బార్ల పరీక్షకు అందులో ముల్లు కదిలిందో లేదో పోల్చుకోవడమే కష్టం. పరీక్ష ఒత్తిడికి ఒకటిన్నర రెట్ల నుంచి నాలుగు రెట్ల లోపు గేజి ఉండాలని అడిగితే, "మీరు ఇంజినీర్లా?" అన్నారు.

ఇప్పుడు చెప్పవలసిన మాట ఒకటున్నది. ఒక షట్‌డౌన్‌లో, ఎక్కడో చెప్పము, ఆరు అంగుళాల ఆవిరి వాల్వు సీటు పరీక్షలో నిలవలేదు. మళ్లీ విప్పి రుద్దాలంటే ఆ రాత్రంతా పడుతుంది. ఫోర్‌మన్ చక్రానికి గజం పొడవు పైపు తగిలించి, ఇద్దరితో బిగించమన్నాడు. బిగించినాము. కారడం ఆగింది. కాగితం మీద "సరి" అని రాసి, మేమే సంతకం పెట్టినాము. ప్లాంటులో ఆపరేటరు పైపు పెట్టి మూయడు, చేత్తోనే మూస్తాడు. మూడో నాడు ఆ వాల్వును నమ్మి, దాని అవతల గాస్కెట్టు మార్చడానికి లైను విప్పినవాడు మన పక్క ఊరి పిల్లవాడు. కాగే నీళ్లు ఎడమచేయి మీద మోచేతి దాకా పడ్డాయి. ఆరు వారాలు ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ కాగితం తప్పని అతనికి మేము చెప్పడానికి ఇంకో ఏడాది పట్టింది. అతడు విని, కొంచెంసేపు ఊరుకొని, చాయ్ తాగుదాం పదండి అన్నాడు.

మాది చిన్న సంగతి. 1988 జూలై 6న బ్రిటన్ దగ్గర ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక మీద ఒక పంపు సేఫ్టీ వాల్వును పరీక్షకని ఊడదీశారు. ఆ నోటికి పలక మూశారు గాని, అది గట్టిగా బిగియలేదు. వాల్వు లేదన్న కాగితం రాత్రి షిఫ్టువారి చేతికి అందలేదు. రెండో పంపు ఆగిపోతే, వారు దీన్నే నడిపారు. గ్యాసు కారి అంటుకొని 167 మంది పోయారు. సేఫ్టీ వాల్వు ఊడదీసిన చోట తగరపు చీటీ అయినా ఒకటి కట్టి పోవాలని మేము పట్టుపట్టేది ఇందుకే.

ఇక్కడి సైజింగు కార్ఖానాలలో పనిచేసే తమ్ముళ్లకు ఒక్క మాట. సేఫ్టీ వాల్వు ఊరికే లేస్తున్నదని దాన్ని తీగతో కట్టేయడమో, స్ప్రింగు బిగించడమో చేయొద్దు. అది లేస్తున్నదంటే ఒత్తిడైనా పెరిగి ఉండాలె, దాని సీటైనా చెడి ఉండాలె. రెండూ మనిషిని పిలిచి చూపించుకోవలసినవే. 1923 నాటి బాయిలర్ల చట్టం పోయి 2025లో కొత్త చట్టం వచ్చింది గాని, తనిఖీ, సర్టిఫికెట్టు అనేవి ఎక్కడికీ పోలేదు.

మా దగ్గర చేతి పంపు ఒకటి, సరిచూపించిన గేజి ఒకటి, పాత మూడు అంగుళాల గేటు వాల్వులు రెండు ఉన్నాయి. ఐటీఐ ఫిట్టరు చదివిన పిల్లలు, వీసా చేతికొచ్చి పోబోయేవారు ఏ ఆదివారమైనా జోహర్ తర్వాత మా ఇంటికి రావచ్చు. డబ్బులేమీ వద్దు. పాత బట్టలు వేసుకొని రండి, ల్యాపింగు పేస్టు మరక ఉతికినా పోదు.