కొండమీద సముద్రం

(రాయగడలో మన సంఘం నూతన సంవత్సర సభలో చేసిన ప్రసంగం)



ఉగాది సభ అంటే పంచాంగ శ్రవణం, నాలుగు పద్యాలు, పిల్లల పాటలు. వాటి నడుమ చేపలను గురించి మాట్లాడమని నన్ను కోరాపుట్ నుంచి పిలిపించారు. కారణం మీకు తెలిసినదే. ఇక్కడి మన పఠనమందిరంలో పెద్ద ఉప్పునీటి చేపల తొట్టి ఒకటి పెట్టాలని యువకులు సంకల్పించారు. చందాలు కూడా పోగైనవి. శ్రీరామనవమినాడు ప్రారంభోత్సవం అనుకున్నారు. అనగా నేటితో కలిపి తొమ్మిదో రోజు. "మాస్టారూ, మీకు అనుభవం ఉన్నది, ఎలా పెట్టాలో చెప్పండి" అన్నారు. తప్పక చెబుతాను. కాని ఆ ముహూర్తం మార్చుకొమ్మని అడగటానికే నేను ముఖ్యంగా వచ్చాను. ఎందుకో వినండి.

కొండల్లో ఉండేవాళ్ళకు సముద్రంతో ఏం పని అని ఎవరైనా నవ్వవచ్చు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ కోరాపుట్, జయపురం, రాయగడ అన్నీ విశాఖపట్టణం జిల్లాలోనివే. ఆ విశాఖలో ఉండి ప్యాట్రిక్ రస్సెల్ అనే దొర, మన దేశపు చిత్రకారుని చేత బొమ్మలు వేయించి, అక్కడ దొరికిన 200 చేపలను గురించి పెద్ద గ్రంథం తయారుచేశాడు. అది 1803లో లండనులో అచ్చయింది. మన బెస్తవారు ఆ చేపలను పిలిచే పేర్లను కూడా ఆయన విడిచిపెట్టలేదు. విన్నది విన్నట్టు ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసుకున్నాడు. ఇక జయపురం మహారాజు విక్రమదేవవర్మగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు భూరి విరాళమిచ్చారు. అక్కడి సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు. సముద్రపు ఒడ్డున సాగిన ఆ చదువులో ఈ కొండల సొమ్ము కూడా కొంత ఉన్నదన్నమాట. కాబట్టి మనం సముద్రానికి మరీ పరాయివాళ్ళం కాము.

అయితే పెద్ద ఉప్పునీటి తొట్లన్నీ సముద్రం పక్కనే పుట్టినవి. 1909లో మద్రాసు మెరీనా ఒడ్డున ఒకటి వెలిసింది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో మూతపడింది. 1951లో బొంబాయిలో తారాపూర్‌వాలా అక్వేరియం తెరిచారు. అదీ సముద్రం ఒడ్డునే. విశాఖ బీచి రోడ్డులోని మత్స్యదర్శినిని మనలో చాలామంది పిల్లలకు చూపించి తెచ్చినవాళ్ళమే. మనకు ఆ వసతి లేదు. కాని దారి లేకపోలేదు. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపల భవనం తెరిచిన మరుసటి ఏడే, ఫిలిప్ గాస్ అనే ఆయన నాలుగు లవణాలు మంచినీటిలో కలిపి సముద్రపు నీటిని ఇంట్లోనే తయారుచేసే పద్ధతి చెప్పాడు. నేటికీ సముద్రానికి దూరంగా ఉండేవారికి అదే దారి.

నేను మొదట ఆ దారి పట్టలేదు. నాలుగేళ్ళ క్రిందట అయిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గల తొట్టి చేయించాను. దానికి దాదాపు 500 లీటర్ల నీరు కావాలి. భీమిలిలో సముద్రం ఊరికే ఉన్నది, ఉప్పు కొనటం దేనికి అనుకున్నాను. 20 లీటర్ల డబ్బాలు 25 నింపించి, సాలూరు మీదుగా సుంకి ఘాటు ఎక్కించి తెచ్చాను. రెండు రోజులు వాటిని ఎండలో ఉంచాను. మూడోనాడు మూత తీస్తే కంపు! సముద్రపు నీటిలో కంటికి కనబడని జీవులు లక్షలు ఉంటవి. మూసిన డబ్బాలో వెలుతురు, గాలి లేక అవి చచ్చి కుళ్ళినవి. మొత్తం పారబోశాను.

తరువాత అక్వేరియం ఉప్పు కొని కలిపాను. మరునాటికి నీరు అద్దంలా తేటపడింది. "ఇంకేం, చేపలు వేసుకోండి" అన్నాడు అమ్మినతను. నాలుగోనాడే ఎనిమిది చేపలు వేశాను. మా మనుమరాలు ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు పెట్టింది. మూడు రోజులకు అవి నీటిపైకి వచ్చి నోళ్ళు తెరిచి రొప్పసాగినవి. ఆరో రోజుకు ఏడు పోయినవి. ఒక్క నీలిరంగు డామ్సెల్ చేప మిగిలింది. ఆ పిల్ల తొట్టి ముందు నిలబడి, "తాతయ్యా, నీళ్ళు తేటగానే ఉన్నాయి కదా?" అని అడిగింది. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి. ఆనాడు నా దగ్గర జవాబు లేదు. తరువాత చదివి తెలుసుకున్న ఆ జవాబే నేటి నా ప్రసంగం.

నీరు తేటగా ఉండటం వేరు, ప్రాణి బ్రతికేటట్లు ఉండటం వేరు. చేప విసర్జించేదీ, అది తినక మిగిల్చిన మేతా అమోనియాగా మారుతవి. అమోనియా చేపకు విషం. దానికి రంగు లేదు. సముద్రంలో ఒక జాతి సూక్ష్మజీవులు దానిని తిని నైట్రైటుగా మారుస్తవి. అదీ విషమే. మరొక జాతి దానిని నైట్రేటుగా మారుస్తవి. అది అంతగా హాని చేయదు. అప్పుడప్పుడు కొంత నీరు మారిస్తే పోతుంది. ఈ రెండు జాతులూ రాళ్ళమీద, ఇసుకలో కాపురం పెట్టి పెరగాలి. కొత్త తొట్టిలో అవి ఉండవు. అవి కుదురుకోవటానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ పడుతుంది. నేను నాలుగు రోజులిచ్చాను.

మన ఆడవాళ్ళకు ఇది ఇట్టే తెలుస్తుంది. పాలు ఎంత మంచివైనా తోడు వేయందే పెరుగు కాదు. తోడు వేసిన తరువాత గిన్నె కదపకుండా ఊరుకోవాలి. కోరాపుట్ చలిలో ఇంకాసేపు ఊరుకోవాలి. తొట్టి సంగతీ అంతే. చేపలు ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టినుంచి ఒక రాయి, వడపోత స్పాంజి ముక్క తెచ్చి వేస్తే అదే తోడు. మా తొట్టినుంచి నేనిస్తాను.

ఇక పని క్రమం చెబుతాను. తొట్టి నేల అంతస్తులోనే పెట్టాలి. నీరు, అద్దం, రాళ్ళు, బల్ల అన్నీ కలిపి ఏడెనిమిది క్వింటాళ్ళ బరువు. బల్ల మట్టసంగా ఉండాలి. 12 మిల్లీమీటర్ల అద్దం వాడాలి. ముందు మంచినీరు పోసి రెండు మూడు రోజులు కారుతున్నదేమో చూడాలి. కుళాయినీటిలో క్లోరిను ఉంటుంది. దానిని నేరుగా వాడక, ఆర్.ఓ. యంత్రం మీద శుద్ధిచేసిన నీరు వాడాలి. లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున మొత్తం 18 కిలోల దాకా ఉప్పు పడుతుంది. వంట ఉప్పు పనికిరాదు. సముద్రపు లవణంలో సోడియం, క్లోరైడు కలిసి నూటికి 85 పాళ్ళు. మిగిలినది మెగ్నీషియం, సల్ఫేటు, కాల్షియం, పొటాషియం మొదలైనవి. అవి లేనిది సముద్రం కాదు. ఒక రోజు పంపుతో నీటిని తిప్పి, సాంద్రత కొలిచే పరికరంలో 1.025 వచ్చేవరకు సరిచేయాలి.

తరువాత 30, 40 కిలోల బోలురాళ్ళు పేర్చి, తోడు వేసి, ఒక రొయ్య ముక్క పడవేయాలి. అది కుళ్ళి అమోనియా ఇస్తుంది. సూక్ష్మజీవులకు అదే ఆహారం. శాకాహారుల ఇండ్లలో శుద్ధమైన అమోనియం క్లోరైడు కొద్దిగా కలిపితే చాలు. కళాయివారి నవాసాగరం మాత్రం వాడవద్దు. దానిలో ఇంకేమి కలిసి ఉంటుందో చెప్పలేము. ఆనాటినుంచి పరీక్ష మందులతో నీటిని చూస్తూ అంకెలు వ్రాసుకోవాలి. అమోనియా పెరిగి తగ్గుతుంది. నైట్రైటు పెరిగి తగ్గుతుంది. రెండూ సున్నాకు వచ్చి, మళ్ళీ ఆహారం వేసినా ఒక రోజులో సున్నాకే వస్తే తొట్టి సిద్ధమైనట్టు. కొంత నీరు మార్చి, అప్పుడు రెండే చేపలు వేయాలి. రెండు మూడు వారాలు ఆగి ఇంకో రెండు.

మీకూ మాకూ ఒక తేడా ఉన్నది. ఉప్పునీటి చేపలకు 24 నుంచి 27 డిగ్రీల వేడి కావాలి. కోరాపుట్‌లో చలికాలపు రాత్రులకు నేను నీటిలో హీటరు పెట్టాలి. రాయగడలో వేసవి 40 డిగ్రీలు దాటటం కద్దు. మీరు నీటిని చల్లబరచాలి. ఫ్యాను గాలి రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తుంది. నడివేసవిలో అది చాలదు, చిల్లరు యంత్రం కావాలి. ఉప్పునీరు మంచినీటికంటె తక్కువ ప్రాణవాయువును పట్టుకుంటుంది. వేడెక్కిన కొద్దీ ఇంకా తగ్గుతుంది. మా ఊరు దాదాపు 900 మీటర్ల ఎత్తు కనుక అక్కడ గాలి ఒత్తిడే పదోవంతు తక్కువ. అందుచేత రెండు ఊళ్ళలోనూ నీటి పైభాగం ఎప్పుడూ కదులుతూ ఉండాలి. కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ గాలిపంపు ఒకటి తప్పనిసరి.

ఆవిరయ్యేది నీరు మాత్రమే. ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. కనుక రోజూ తగ్గిన మేరకు మంచినీరే పోయాలి. రెండు వారాలకొకసారి 50 లీటర్లు తీసి కొత్త ఉప్పునీరు పోయాలి. ఈ రెండూ కలగాపులగం చేసుకోవద్దు.

అందం కోసం పగడపు రాళ్ళు తెస్తామంటే ఒప్పుకోకండి. సముద్రంలో దిబ్బలు కట్టే పగడాలను, అన్ని రకాల సముద్రపు గుర్రాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చారు. చవకగా ఎవరైనా ఇస్తానన్నా పుచ్చుకోరాదు. చేపలలో నారింజరంగు మీద తెల్లని పట్టీలుండే క్లౌన్ చేపతో మొదలుపెట్టండి. 2003లో వచ్చిన సినిమా పుణ్యమా అని పిల్లలందరూ దానిని నీమో అంటారు. తమిళనాడు మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వారు దీనిని తొట్లలోనే పిల్లలు పెట్టించారు. అట్లా పెంచినవే అడిగి కొనండి. సముద్రంనుంచి పట్టి తెచ్చినవాటికంటె అవి తొట్టికి అలవాటుపడినవి. డామ్సెల్ చేపను చివర వేయండి. నా దగ్గర బ్రతికిన ఆ నీలి చేప ఇప్పటికీ ఉన్నది. కొత్తగా వచ్చినవాటి నన్నిటినీ తరిమి కొడుతుంది. ముందు వచ్చినవాడిదే ఇల్లు అన్నట్టు!

ఇప్పుడు ముహూర్తం సంగతి. శ్రీరామనవమినాడు తొట్టిలో నీరు పోయండి, పానకం పంచండి. చేపలు మాత్రం ఏరువాక పున్నమికి వేయండి. అప్పటికి సూక్ష్మజీవులు కుదురుకుంటవి, నడివేసవి దాటుతుంది, తొలకరి వస్తుంది. ఈ రెండు నెలలూ ఖాళీ తొట్టి చూచి చందా ఇచ్చినవారు అడుగుతారు, "చేపలేవీ?" అని. వారికి పిల్లలు వ్రాసిన అంకెల పుస్తకం చూపండి. రోజుకొక పిల్లవాడి చొప్పున వంతులు వేసి ఆ పరీక్షలు చేయించండి. చేపలు వచ్చిన తరువాత కూడా ఆ వంతులే సాగాలి. ఉత్సాహం వారం రోజులుంటుంది. ఆ చేపలు మాత్రం ఏళ్ళ తరబడి మన మీదనే ఆధారపడి ఉంటవి. వంతుల పట్టిక నిండకపోతే తొట్టి కొననే వద్దు. ఆ సొమ్ము పుస్తకాలకు వాడండి. ఇది నా మనవి.

మన పెద్దలు కూడా ఈ కొండలకు వచ్చినప్పుడు ముందు ఒకరు వచ్చి ఊరి నీరు, గాలి, మంచి చెడ్డలు చూచుకొని, తరువాతనే పిల్లలను తెచ్చుకున్నారు. చేపలను కూడా మనమే తెస్తున్నాము. అవి రమ్మని అడగలేదు.

మా మనుమరాలు ఇప్పుడు అయిదో తరగతి. మా తొట్టి అంకెల పుస్తకం ఆమెదే. ఏరువాకకు ఆమెను తీసుకొని వస్తాను. మీ పిల్లల పుస్తకంలో రెండు సున్నాలు చూచిన తరువాతనే చేపల సంచి విప్పుదాము.