నొప్పులు రాకముందే అడ్మిట్ అవ్వమన్నారు: ఒప్పుకోవాలా, ఆగాలా?

ఈ ఎపిసోడ్ తొమ్మిదో నెల నడుస్తున్నవాళ్ల కోసం. మీతోపాటు హాస్పిటల్‌కి వచ్చే భర్త, అమ్మ, అత్తగారు కూడా వింటే మంచిది. సంతకం పెట్టే టైమ్‌కి ఎక్కువ కంగారు పడేది వాళ్లే కదా.

ఈ వారం ఇలాంటి మెసేజ్‌లు చాలా వచ్చాయి. ఒకటి చదువుతాను. "మేడం, నాకు 38 వారాలు, మొదటి కాన్పు. బీపీ, షుగర్ లేవు. స్కాన్‌లో ఉమ్మనీరు 9 ఉందన్నారు, పేగు మెడకి ఒక చుట్టు ఉందన్నారు. రేపు అడ్మిట్ అయితే నొప్పులు తెప్పిస్తామంటున్నారు. అత్తయ్య వెళ్దామంటోంది, అమ్మ ఆగుదామంటోంది. నేనేం చెయ్యాలి?"

చూడండి, ఇంట్లో గొడవంతా వెళ్దామా ఆగుదామా అనే. కానీ ముందు తేల్చుకోవాల్సింది "ఎందుకు తెప్పిస్తున్నారు?" అనేది. కారణం తెలియకుండా ఇండక్షన్ మంచిదా చెడ్డదా అంటే ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

కొన్ని కారణాలకి ఆగకూడదు. బీపీ పెరిగి ప్రీఎక్లాంప్సియా అని తేలిందనుకోండి, 37 వారాలు నిండాక ఇంక ఎదురుచూడరు. ఆ జబ్బు తగ్గాలంటే కాన్పు అయిపోవాలి, వేరే దారి లేదు. అలాగే ఉమ్మనీరు సంచి పగిలి నీళ్లు పోతున్నా నొప్పులు రాకపోతే ఇన్‌ఫెక్షన్ భయం. బిడ్డ ఎదగట్లేదని, డాప్లర్ స్కాన్‌లో రక్తప్రసరణ తగ్గిందని కనబడినా, షుగర్ కంట్రోల్ కాకపోయినా, బిడ్డ కదలికలు తగ్గి టెస్టుల్లో తేడా వచ్చినా అంతే. ఇలాంటప్పుడు "మా అమ్మమ్మకి పదిమంది ఇంట్లోనే పుట్టారు" అని ఆగకండి, ప్లీజ్. అమ్మమ్మగారి కాలంలో పుట్టి బతకని పిల్లల లెక్క ఎవరూ చెప్పరు.

ఇంకో కారణం, డేట్ దాటిపోవడం. 41 వారాలు కచ్చితంగా నిండితే ఇండక్షన్ చెయ్యమనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఏ ఇబ్బందీ లేని గర్భానికి అంతకన్నా ముందు మామూలుగా చెయ్యొద్దని కూడా అదే సంస్థ చెప్తోంది. స్వీడన్‌లో ఒక స్టడీ చేశారు, 2019లో వచ్చింది. సగం మందికి 41 వారాలకి ఇండక్షన్, మిగతా సగం 42 వరకు ఆగడం. ఆగినవాళ్లలో ఆరుగురు బిడ్డలు పోయారు, 41కి చేయించుకున్నవాళ్లలో ఒక్కరు కూడా పోలేదు. స్టడీని మధ్యలోనే ఆపేశారు. మొత్తం 2,700 మందికి పైగా ఉన్నారు కాబట్టి ఆ ప్రమాదం అరుదే. కానీ 41 దాటాక "ఇంకో వారం చూద్దాం" అనేముందు ఇది గుర్తుండాలి.

ఇప్పుడు మెసేజ్‌లో చెప్పిన కారణాలకి వద్దాం. ఉమ్మనీరు 9 అంటే నార్మలే. 5 కన్నా తగ్గితే తక్కువ అంటారు. పేగు మెడకి చుట్టుకోవడం వింటే ఉరి గుర్తొచ్చి గుండె ఆగిపోతుంది, నాకు తెలుసు. కానీ నాలుగైదు కాన్పులకి ఒకదాంట్లో ఇది కనిపిస్తుంది. బిడ్డ కడుపులో ముక్కుతో గాలి పీల్చుకోదు, ఆక్సిజన్ ఆ పేగులోంచే వస్తుంది. చాలాసార్లు తల బయటికి రాగానే డాక్టర్ వేలితో చుట్టు తప్పించేస్తారు. ఒక్క చుట్టు ఉందని 38 వారాలకే నొప్పులు తెప్పించాల్సిన పని లేదు. కాబట్టి ఆ అమ్మాయికి నేను చెప్పేది ఏంటంటే, "ఈ రెండూ కాకుండా ఇంకేదైనా కారణం ఉందా మేడం?" అని మీ డాక్టర్‌ని అడగండి. నేను మీ ఫైల్ చూడలేదు, ఆవిడ చూశారు. ఇంకేం లేదంటే, కనీసం 39 వరకు ఆగొచ్చా అని అడగండి.

39 ఎందుకంటే, 37, 38 వారాల్లో పుట్టిన బిడ్డలకి ఆయాసం, కామెర్లు, ఎన్ఐసీయూలో ఉండాల్సి రావడం కొంచెం ఎక్కువ. అవసరమైతే ఆ రిస్క్ తీసుకుంటాం. మూలా నక్షత్రం వస్తుందని, అమావాస్య దగ్గరపడిందని తీసుకోవడం మాత్రం నాకు అస్సలు నచ్చదు. పైగా ఇండక్షన్‌తో ముహూర్తం కుదరదండీ. సోమవారం మొదలుపెడితే బిడ్డ బుధవారం రావచ్చు!

"బిడ్డ బరువు నాలుగు కిలోలు దాటుతోంది" అనేది ఇంకొకటి. చివరి నెల స్కాన్‌లో బరువు పది, పదిహేను శాతం అటూ ఇటూ అవ్వడం మామూలే.

ఈ వారాల లెక్క దేన్నిబట్టి వేశారో కూడా చూసుకోండి. మొదటి మూడు నెలల్లో చేసిన స్కాన్ డేటే నమ్మకమైనది. తొమ్మిదో నెల స్కాన్‌లో ఇంకో డేట్ కనిపిస్తే మీ డ్యూ డేట్ మారిపోదు, అది బిడ్డ సైజుని బట్టి మెషిన్ వేసిన లెక్క. ఆ మొదటి రిపోర్ట్ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. పుట్టింటికి వెళ్లి హాస్పిటల్ మారినప్పుడు ఫైల్ మర్చిపోయేవాళ్లు చాలామంది.

ఇప్పుడు అసలు ఎలా చేస్తారు? ముందు లోపల పరీక్ష చేసి గర్భసంచి ముఖద్వారం మెత్తబడిందా, ఎంత తెరుచుకుందో చూసి మార్కులు వేస్తారు. దాన్ని బిషప్ స్కోర్ అంటారు. గట్టిగా మూసుకుని ఉంటే జెల్, లేదా మిసోప్రోస్టాల్ చిన్న డోసు, లేదా ఫోలీ బెలూన్ పెట్టి మెత్తబరుస్తారు. ఆ తర్వాత సంచి పగలగొట్టి, సెలైన్‌లో ఆక్సిటోసిన్ ఎక్కిస్తారు. ఇంతకుముందు ఆపరేషన్ అయినవాళ్లు తప్పకుండా ముందే చెప్పాలి, వాళ్లకి మిసోప్రోస్టాల్ వాడకూడదు, కుట్టు విడిపోయే ప్రమాదం. ఇంట్లో ఆముదం తాగించే పెద్దవాళ్లకీ ఒక మాట. దాంతో విరేచనాలు, వాంతులు పట్టుకుని పిల్ల నీరసపడిపోతుంది. వద్దు.

మొదటి కాన్పు, ముఖద్వారం మూసుకుని ఉంది అంటే ఒక రోజు పైనే పట్టొచ్చు, రెండు రోజులూ పట్టొచ్చు. ఇక్కడే మన దగ్గర తేడా కొడుతుంది. ఉదయం జెల్ పెడతారు, సాయంత్రం "ప్రోగ్రెస్ లేదు, ఆపరేషన్ చేద్దాం" అంటారు. తల్లీబిడ్డా బాగుంటే, సంచి పగిలాక ఆక్సిటోసిన్ కనీసం 12 నుంచి 18 గంటలు ఇచ్చి చూశాకే ఇండక్షన్ ఫెయిల్ అనాలని అమెరికా గైనకాలజిస్టుల మార్గదర్శకాలు చెప్తాయి. బిడ్డ గుండె చప్పుడు పడిపోతే అది వేరు, అప్పుడు నిమిషాల్లో ఆపరేషన్ చెయ్యాలి.

యూట్యూబ్‌లో కొందరు "39కి చేయించుకుంటే ఆపరేషన్లు తగ్గుతాయి" అంటారు. అరైవ్ అనే అమెరికా స్టడీ అది, 2018లో వచ్చింది. మొదటి కాన్పు, రిస్క్ లేని ఆరు వేల మంది. ఇండక్షన్ గ్రూపులో 18.6 శాతం మందికి సిజేరియన్, ఆగినవాళ్లలో 22.2 శాతం మందికి. నిజమే. కానీ అక్కడ అంతసేపూ ఓపిక పట్టారు. తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, ఆంధ్రాలో 42.4. ఆ స్టడీ లెక్క మీ ఊరి నర్సింగ్ హోమ్‌కి వర్తిస్తుందా అంటే, రాత్రంతా ఎదురుచూసే స్టాఫ్ అక్కడ ఉన్నారా లేదా అనేదాన్ని బట్టి ఉంటుంది.

అందుకే అడ్మిట్ అయ్యేముందే అడగండి, భయపడకుండా, గౌరవంగానే. "మేడం, ఏ కారణానికి చేస్తున్నారు? నాలుగు రోజులు ఆగితే ఏమవుతుంది? ముఖద్వారం ఎలా ఉంది? నొప్పులు రాకపోతే ఎన్ని గంటలు చూస్తారు? రాత్రి డాక్టర్ ఉంటారా?" కారణం గట్టిదైతే డాక్టర్ రెండు నిమిషాల్లో చెప్పేస్తారు, మీరూ ధైర్యంగా సంతకం పెడతారు. కోప్పడితే, రిపోర్టులు తీసుకుని అదే రోజు ఇంకో గైనకాలజిస్ట్‌కి చూపించండి. వారం తర్వాత కాదు, అదే రోజు.

ఆగుదాం అని డాక్టర్‌తో కలిసే నిర్ణయించుకున్నారనుకోండి. చెకప్‌లు మానకూడదు, బీపీ చూపించుకోవాలి. బిడ్డ కదలికలు రోజూ గమనించండి. ఎప్పుడూ ఉండేదానికన్నా తగ్గాయనిపిస్తే తెల్లారేదాకా చూడొద్దు. విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, పైపొట్టలో నొప్పి, నీళ్లు పోవడం, రక్తం కనిపించడం, వీటిలో ఏదొచ్చినా అర్ధరాత్రైనా బయల్దేరాలి. 108కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుంది.

ఎపిడ్యూరల్ గురించి చాలామంది అడిగారు, అది వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటానండీ.