కందకంలో ఒక యుద్ధం, బీరుబల్ల దగ్గర ఇంకో యుద్ధం



యుద్ధ వ్యతిరేక నవల అనగానే ఎరిక్ మరియా రెమార్క్ రాసిన ‘ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ ముందు గుర్తొస్తుంది. 1928 చివర్లో బెర్లిన్ పత్రికలో ధారావాహికగా వచ్చి, 1929 జనవరిలో పుస్తకమైన జర్మన్ నవల అది. కథంతా మొదటి ప్రపంచ యుద్ధానిది. చాలామంది దాన్ని పాల్ బోయ్‌మర్ అనే కుర్ర సైనికుడి గోడుగానే చదువుతారు. అలా చదివితే సగం పుస్తకం చేజారినట్టే. ఒకే యుద్ధాన్ని తలా ఒకచోట నిలబడి చూసే మనుషులు ఆ నవల నిండా ఉన్నారు.

పాల్ సెలవు మీద ఊరికొచ్చిన అధ్యాయమే తీసుకోండి. బీరుబల్ల చుట్టూ పెద్దమనుషులు చేరతారు. బెల్జియం మొత్తం, ఫ్రాన్సు బొగ్గుగనులు, రష్యాలో పెద్ద పెద్ద ముక్కలు జర్మనీకి రావాలంటాడు అందులో ఉన్న ప్రధానోపాధ్యాయుడు. యుద్ధరంగంలో పరిస్థితి వేరని పాల్ చెప్పబోతే, నీకు కనిపించేది నీ కందకమే, మొత్తం సంగతి నీకేం తెలుసని కొట్టిపారేస్తాడు. ప్రాణాలొడ్డిన వాడికి యుద్ధం గురించి మాట్లాడే అర్హత లేదన్నమాట! నవలలో ఫిరంగులు పేలే ఘట్టాలకన్నా ఈ నాలుగు మాటలే ఎక్కువ భయపెడతాయి.

అదే ఊళ్లో తండ్రికి కొడుకు నోట పోరాట కథలు వినాలని ఉబలాటం. జబ్బుతో మంచానపడ్డ తల్లి మాత్రం, అక్కడ చాలా కష్టంగా ఉందా నాయనా అని అడుగుతుంది. లేదని పాల్ అబద్ధమాడతాడు. చనిపోయిన మిత్రుడు కెమ్మెరిష్ తల్లికీ అంతే, మీవాడు బాధపడకుండా క్షణంలో పోయాడని ఒట్టు వేస్తాడు.

కందకంలోనూ అందరి చూపూ ఒకటి కాదు. నలభై ఏళ్ల కాట్ చెప్పులు కుట్టి బతికినవాడు. అతని ధ్యాసంతా ఈ పూట రొట్టె ఎక్కడ దొరుకుతుందన్నదాని మీదే. డెటరింగ్ రైతు. గాయపడ్డ గుర్రాల అరుపులు వినలేక, మనుషుల యుద్ధంలోకి వాటిని లాగడం అన్నిటికన్నా నీచమని మండిపడతాడు. తర్వాత ఒకనాడు పూతపట్టిన చెర్రీ చెట్టు కంటపడగానే ఇల్లు గుర్తొచ్చి దళాన్ని వదిలి వెళ్లిపోతాడు. హాలండ్ వైపు వెళ్తే తప్పించుకునేవాడేమో. సొంత పొలం వైపే నడిచి సైనిక పోలీసులకు చిక్కుతాడు. అతనేమయ్యాడో రచయిత చెప్పడు.

శత్రువు చూపు మనకు నేరుగా అందదు. పాల్ కత్తిపోటుకు గురైన ఫ్రెంచివాడు జెరార్ దువాల్ బాంబు గుంతలో గంటల తరబడి ప్రాణం విడుస్తాడు. అతని జేబులో భార్యాబిడ్డల ఫొటోలు. వృత్తి అచ్చు అక్షరాలు కూర్చడం. ఆ గుంతలోనే పాల్ అతనికి ఏవేవో మాటలిస్తాడు. తిరిగి మిత్రుల మధ్యకు వచ్చేసరికి ఆ మాటలు పలచబడిపోతాయి. ఇక్కడే రెమార్క్ నిజాయితీ తెలుస్తుంది. జ్ఞానోదయమైన వీరుణ్ణి సృష్టించే అవకాశం చేతికందినా ఆయన వదులుకున్నాడు.

ఇన్ని చూపులను నాజీలు సహించలేదు. 1930 డిసెంబరులో ఈ నవల ఆధారంగా తీసిన సినిమాను బెర్లిన్ థియేటర్‌లో నాజీ నేత గోబెల్స్ మనుషులు అల్లరిచేసి ఆపారు. కొద్ది రోజులకే ప్రభుత్వం ఆ సినిమాను నిషేధించింది. 1933 మే 10న పుస్తకమే మంటల్లోకి వెళ్లింది. 1938లో రచయిత పౌరసత్వం పోయింది.

అయితే కందకం చూసిన ప్రతివాడూ యుద్ధాన్ని అసహ్యించుకున్నాడనుకోవడం పొరపాటు. 1920లో ‘స్టార్మ్ ఆఫ్ స్టీల్’ ప్రచురించిన ఎర్నెస్ట్ యూంగర్‌దీ అదే సైన్యం, అదే పశ్చిమరంగం. పలుమార్లు గాయపడ్డాడు, అత్యున్నత సైనిక పతకం అందుకున్నాడు. పోరాటంలో ఆయనకు ఉత్తేజం కనిపించింది. రెమార్క్ యుద్ధరంగంలో గడిపినది కొన్ని వారాలే. 1917 జూలై 31న గాయపడి ఆసుపత్రి చేరాడు. ఆయన చూసిందెంత అని వెక్కిరించినవాళ్లకు ఈ లెక్క ఆయుధమైంది. అనుభవానికి రోజులు లెక్కగట్టడం ఆ ప్రధానోపాధ్యాయుడి వాదానికి దగ్గరి చుట్టం. మధ్యాహ్నం పత్రసమర్పణలో రెమార్క్‌ను యూంగర్ పక్కన పెట్టి చదవాలని వక్తలకు మనవి. ఒకే బురదలో నిలబడిన ఇద్దరికీ వేర్వేరు యుద్ధాలు ఎందుకు కనిపించాయో చర్చించాలి.