1977 ఎన్నికలు: ఎవరికి లాభం, ఎవరికి నష్టం

ఎమర్జెన్సీ ముగింపు దశలో 1977 మార్చిలో జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 154 స్థానాలు దక్కాయి. 1971లో ఆ పార్టీ గెలిచినవి 352. ఓట్ల లెక్క చూస్తే నష్టం అంత పెద్దగా కనిపించదు: ఓట్ల వాటా సుమారు 44 శాతం నుంచి తగ్గి 34 శాతానికి పైన ఆగింది. అంతకుముందు విడివిడిగా పోటీ చేసి ఓట్లు చీల్చుకున్న ప్రతిపక్షాలు జనతా పేరుతో ఒక్కటై, చాలాచోట్ల నాగలి పట్టిన రైతు గుర్తు మీద నిలబడడమే ఇంత తేడాకు ముఖ్యకారణం.

దెబ్బ అన్నిచోట్లా ఒకేలా పడలేదు. ఉత్తరప్రదేశ్‌లోని 85 స్థానాల్లో, బీహార్‌లోని 54 స్థానాల్లో కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీ, అమేఠీలో సంజయ్‌గాంధీ ఓడిపోయారు. ఎమర్జెన్సీ కాలంలో జరిగిన బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సల బాధ ఎక్కువగా అనుభవించింది ఉత్తరాది పేదలే. ఈ ఫలితాన్ని ఆ బాధ నుంచి విడదీసి చూడడం న్యాయం కాదు.

ఆంధ్రప్రదేశ్ తీర్పు ఇందుకు పూర్తిగా భిన్నం. ఇక్కడి 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌వే. మిగిలిన ఒక్క నంద్యాలలో జనతా అభ్యర్థి నీలం సంజీవరెడ్డి గెలిచారు. ఆయన లోక్‌సభ స్పీకరై, అదే ఏడాది జులైలో రాష్ట్రపతిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.

ఎమర్జెన్సీని సమర్థించిన సీపీఐ కూడా మూల్యం చెల్లించింది. 1971లో 23 స్థానాలున్న ఆ పార్టీ 7కు పడిపోయింది.