చూడగలను వేరు, కనిపిస్తోంది వేరు

(ములింగార్‌లో మన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వారమంతా బ్లాకులు మోసి, కాంక్రీటు పోసి, దొరికిన ఒక్క ఆదివారం కూడా ఇంగ్లీషు పాఠమేంటని కొందరు అనుకుంటుండొచ్చు. మేం మాస్టార్లం కాదు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, సైట్లో మనుషుల్నీ మిషన్లనీ చూసుకునేవాళ్ళం. ఇవాళ చెప్పేది ఒక్క మాట గురించే. సీ. దాని ముందు వచ్చే క్యాన్, కుడ్, షుడ్, మస్ట్, మైట్ అనే చిన్న మాటల గురించి.

పోయిన డిసెంబరులో, ఈ ఊరి దగ్గరే మేం చేస్తున్న ఇళ్ళ సైట్లో జరిగింది ముందు చెబుతాం. ఆ నెలలో ఇక్కడ నాలుగు దాటితే చీకటే కదా. పైగా సన్నటి వాన. డంపర్ వెనక్కి రావాలి. డ్రైవరు ఐరిష్ ఆయన. తల బయటపెట్టి, దగ్గర్లో ఉన్న మా తమ్ముణ్ణి అడిగాడు: "క్యాన్ యూ సీ బిహైండ్ మీ?" జగిత్యాల వైపు నుంచి దుబాయ్ మీదుగా వచ్చిన పిల్లాడు. గల్ఫ్‌లో హిందీతో నెట్టుకొచ్చాడు, ఇక్కడికొచ్చి మూడు నెలలు. చెయ్యెత్తి "యెస్, యెస్, ఐ క్యాన్ సీ" అన్నాడు. అనేసి, చూసొద్దామని వెనక్కి నడవడం మొదలుపెట్టాడు.

వాడు రెండడుగులు వెయ్యకముందే డంపర్ కదిలింది. బ్లాకుల దొంతర చాటున ఇంకొకతను వంగి పని చేసుకుంటున్నాడు. అరుపులు విని పక్కకి దూకాడు కాబట్టి బతికాడు. మోకాలు గీరుకుపోయింది, వీల్‌బారో నుజ్జునుజ్జయింది.

డ్రైవర్ అడగాల్సింది ట్రెయినింగ్ ఉన్న బ్యాంక్స్‌మన్‌ని, దారిన పోయేవాణ్ణి కాదు. బ్యాంక్స్‌మన్ కంటికి ఆనకపోతే బండి ఆపాలి. ఆ తప్పు వేరే. కానీ మాట దగ్గర ఏం జరిగిందో చూడండి.

మావాడికి అర్థమైంది "నా వెనక కాస్త చూడగలవా?" అని. అంటే ఒక పని చేసిపెట్టమన్నాడని. 'చూడగలను' అనుకుని "ఐ క్యాన్ సీ" అన్నాడు. డ్రైవర్ అడిగింది "నా వెనక నీకు కనిపిస్తోందా?" అని. "కనిపిస్తోంది" అని జవాబొచ్చింది, బండి వదిలాడు. ఇద్దరూ నిజమే మాట్లాడారు.

క్యాన్ అంటే 'గలను' అని మనకి బళ్ళో చెప్పారు. ఈత కొట్టగలను, బండి నడపగలను, అక్కడ సరే. సీ ముందు వచ్చినప్పుడు మాత్రం చాలాసార్లు అది 'గలను' కాదు, 'ఇప్పుడు నా కంటికి ఆనుతోంది' అని. మన తెలుగులో దీనికి వేరే మాటే ఉంది. చూడటం మనం చేసే పని. కనిపించడం మన కంటికి వచ్చి పడేది. అందుకే 'నేను చూస్తున్నాను' అంటాం, 'నాకు కనిపిస్తోంది' అంటాం. మొదటిదానికి ఇంగ్లీషులో లుక్, రెండోదానికి క్యాన్ సీ. "ఐ యామ్ లుకింగ్, బట్ ఐ కాంట్ సీ హిమ్." చూస్తున్నా గానీ కనిపించట్లేదు. ఈ ఒక్క వాక్యం నోటికి పట్టించుకోండి. వినడమూ ఇంతే: లిజన్ అంటే వినడం, క్యాన్ హియర్ అంటే వినిపించడం.

"ఐ యామ్ సీయింగ్" అని మాత్రం అనకండి. డాక్టర్ని కలుస్తున్నాననో, ఒకమ్మాయితో తిరుగుతున్నాననో అనుకుంటారు. మాలో ఒకరు ఫోర్‌మన్ గురించి అలా అనేసి ఆర్నెల్లు ఆటపట్టింపు పడ్డారు. ఇంకా చూడకపోతే "వెయిట్, ఐ విల్ చెక్" అనండి. "ఐ విల్ సీ" అంటే వాళ్ళకి 'చూద్దాంలే' అన్నట్టుంటుంది. లీవు అడిగితే ఫోర్‌మన్ "వుయ్ విల్ సీ" అంటాడు కదా, అదే. దాని అర్థం మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, మన ఊళ్ళో మేస్త్రి అన్నా అంతే.

అసలు సంగతి మర్నాడు జరిగింది. ఆఫీసులో ఫారం నింపుతున్నారు. మావాడు చెప్పింది రాసుకుని, చివర "ఐ షుడ్ హావ్ సీన్ హిమ్" అని రాసి సంతకం పెట్టమన్నారు. వాడు పెన్ను తీశాడు కూడా. మేం చెయ్యి పట్టుకుని ఆపాం.

షుడ్ హావ్ సీన్ అంటే 'చూసి ఉండాల్సింది'. అంటే చూడలేదు, తప్పు నాదేనని ఒప్పుకోవడం. వాడు మొదట్నుంచీ చెబుతున్నది 'కనిపించలేదు' అని. అది "ఐ కుడ్ నాట్ సీ హిమ్". కావాలని రాశారని మేం అనం, రాసేవాళ్ళకి అది అలవాటు మాట. కానీ సంతకం మనది. పనివాడు మూడు రోజులకి మించి పనికి రాలేనంత దెబ్బ తగిలితే, యజమాని హెల్త్ అండ్ సేఫ్టీ అథారిటీకి తెలపాలి. నష్టపరిహారం సంగతి ఇంజురీస్ రిజల్యూషన్ బోర్డు దాకా వెళ్ళొచ్చు. అప్పుడు ఆ ఒక్క లైనుకి ఎంత బరువుంటుందో ఆలోచించండి.

కాబట్టి ఇవి కాస్త నిదానంగా వినండి. "కుడ్ సీ" అంటే కనిపించింది. "కుడ్ హావ్ సీన్" అంటే కనిపించే వీలుంది గానీ చూడలేదు. మధ్యలో ఒక హావ్ చేరితే మాట మొత్తం తిరగబడుతుంది. "డిడ్ నాట్ సీ" అంటే చూడలేదు, ఎందుకు చూడలేదని ఇంకో ప్రశ్న వస్తుంది. "కుడ్ నాట్ సీ" అంటే ఏదో అడ్డముంది, లేదా చీకటి. అడ్డమేంటో కూడా చెప్పండి. "మస్ట్ హావ్ సీన్" అంటే చూడాల్సి వచ్చిందని కాదు, 'చూసే ఉంటాడు' అని మన ఊహ. "మైట్ హావ్ సీన్" అయితే 'చూసి ఉండొచ్చు'. ఊహని ఫారంలో రాయించకండి. ఇవన్నీ మన తెలుగులో ఉన్న మాటలే, జత కలుపుకోవడమే పని.

ఆ లైను కొట్టేయించి "ఐ కుడ్ నాట్ సీ హిమ్, ది బ్లాక్స్ వర్ ఇన్ ది వే" అని రాయించాం. ఎవరూ పేచీ పెట్టలేదు. అడిగితే మారుస్తారు, అడగాలంతే. 2005 నాటి ఇక్కడి సేఫ్టీ చట్టం ప్రకారం భద్రత సమాచారం, ట్రెయినింగ్ పనివాడికి అర్థమయ్యే తీరులో, అవసరమైతే అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. "ఐ వాంట్ టు రీడ్ ఇట్ ఫస్ట్" అనడానికి మొహమాటపడకండి.

ఇక్కడివాళ్ళ మాట తీరు కూడా ఒకటుంది. "యూ మైట్ సీ టు దట్" అని మెత్తగా అంటారు. మైట్ అంటే 'చేస్తే చెయ్యొచ్చు' అనుకుని ఊరుకుంటే సాయంత్రం తిట్లు పడతాయి. అది ఆర్డరే, 'అది చూసుకో' అని. "ఐ సీన్ ఇట్" అనడం కూడా వింటారు. వినండి, ఫారంలో మాత్రం "ఐ సా ఇట్" అని రాయండి.

లాంగ్‌ఫర్డ్, వెస్ట్‌మీత్ ఎడ్యుకేషన్ అండ్ ట్రైనింగ్ బోర్డు వాళ్ళు ఈసోల్ పేరుతో ఇంగ్లీషు తరగతులు నడుపుతారు. షిఫ్టుకి కుదిరేది ఉందేమో వెళ్ళి అడగండి, ఒక్కరే వెళ్ళడానికి బెరుకుంటే మేం తోడొస్తాం. మా తమ్ముడు ఇప్పుడు వెళ్తున్నాడు. అదిగో, వెనక వరసలో తలొంచుకుని కూర్చున్నాడు.

ఇప్పుడు టీ తాగి రండి. తర్వాత ఇద్దరిద్దరు చొప్పున నిలబడదాం. ఒకరు డ్రైవరు, ఒకరు బ్యాంక్స్‌మన్. డ్రైవరు "క్యాన్ యూ సీ బిహైండ్ మీ?" అని అడుగుతాడు. ఆ కుర్చీలు కాస్త పక్కకి జరపండి తమ్ముళ్ళూ.